మొక్కు లేని మాఘ పౌర్ణమి

మాఘ పౌర్ణమి నాడు కృష్ణానది సముద్రంలో కలిసే చోట స్నానం చేయడానికి హంసలదీవి వెళ్ళడం కృష్ణా జిల్లాలో తరతరాలుగా ఉన్న ఆచారం. ఇప్పుడు బస్సులున్నాయి, ఆటోలున్నాయి, పిల్లాపాపలతో సహా ఊరంతా ఎక్కగలిగే ట్రాక్టర్లున్నాయి. అయినా నడిచి వెళ్ళేవాళ్ళు పూర్తిగా పోలేదు. 2025లో మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 12న వచ్చింది. దానికి రెండు రోజుల ముందు తెల్లవారుజామున నేను విజయవాడ నుంచి సైకిలు మీద ఆ దారి పట్టాను. కాస్త అటూ ఇటూగా నూరు కిలోమీటర్లు.

నాకు మొక్కు లేదు. పుణ్యం మీద ఆశ గానీ, పాపం గురించి భయం గానీ చెప్పుకోదగినంత లేవు. ఒక్క సంగతి తెలుసుకోవాలని మాత్రం చాలా కాలంగా ఉంది. సంగమం, సంగమం అంటున్నామే, నది నిజంగా అక్కడిదాకా వెళుతోందా?

ఇది కొంటె ప్రశ్న కాదు. కృష్ణ మీద ఆల్మట్టి, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల దాటి వచ్చిన నీటిని చివరగా ఆపేది విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ. 1832-33 నాటి గుంటూరు కరవు తరువాత, కాటన్ దొర ప్రోద్బలంతో కెప్టెన్ ఆర్ ఇక్కడ కట్టించిన ఆనకట్ట 1855లో పూర్తయింది. దానికి 1952లో గండి పడితే, 1957 నాటికి ఇప్పటి బ్యారేజీ లేచింది. అది ఆపిన నీరు రెండు వైపులా కాలువల్లోకి మళ్ళి సుమారు 13 లక్షల ఎకరాలను తడుపుతుంది. డెల్టాలో మనం తిన్న ప్రతి ముద్దా ఆ గేట్లు మూసి ఉండబట్టే పండింది. దీని మీద నాకు ఫిర్యాదు లేదు, ఉండడానికి నోరు కూడా రాదు. కానీ గేట్లు మూసిన తరువాత అవతలివైపు మిగిలేదేమిటి? 2002 నుంచి 2004 దాకా వచ్చిన కరవు సంవత్సరాల్లో కృష్ణ సముద్రానికి ఇచ్చింది దాదాపు ఏమీ లేదు. 2024 సెప్టెంబరు 2న అదే బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దూకింది. పడవలు కొట్టుకువచ్చి గేట్ల దగ్గర ఢీకొన్నాయి. అప్పటిదాకా రికార్డుగా ఉన్న 2009 అక్టోబరు వరదను కూడా అది మించిపోయింది. ఏళ్ళ తరబడి ఉపవాసం, ఆ తరువాత ఒక్కరోజు అజీర్ణం: ఇదీ ఈ నది ఆరోగ్యం.

(ఇంకో చిత్రం కూడా ఉంది. 2015 తరువాత పట్టిసీమ ఎత్తిపోతల వల్ల గోదావరి నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది. కాబట్టి వానాకాలంలో పై నుంచి కృష్ణ ఇంకా రాని రోజుల్లో, దుర్గా ఘాట్‌లో 'కృష్ణవేణీ' అని సంకల్పం చెప్పుకుని మునిగిన భక్తుడు చాలావరకు గోదావరిలో మునుగుతున్నాడు. పుణ్యం ఏ ఖాతాలో పడుతుందో పురోహితులే చెప్పాలి.)

యాత్రాదారిలో యాత్రికుడు కాని వాడికేం పని అని అడగవచ్చు. దానికి మనవాడే ఒకడు చాలాకాలం క్రితం సమాధానం చెప్పి పోయాడు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పరమ భక్తుడు. సుప్రీం కోర్టులో దుభాషీ. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో ఆయన దర్శించిన దేవుళ్ళ కంటే గమనించిన విషయాలే ఎక్కువ. ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ దారిలో బోయీలు దొరుకుతారు, ఎక్కడ ఏ వస్తువు ధర ఎంత... అన్నీ రాసుకున్నాడు. దేవుడి కోసం వెళ్ళినవాడు దారిని అంత శ్రద్ధగా చూడగా లేనిది, దారి కోసమే వెళ్ళేవాడు చూడడానికి అభ్యంతరమేముంటుంది? పైగా 'తీర్థం' అన్న మాటకు మొదటి అర్థం నీటిలోకి దిగే రేవు. గుళ్ళూ గోపురాలూ ఆ తరువాత వచ్చి ఒడ్డున నిలబడ్డాయి. ఆ లెక్కన నాదే అచ్చమైన తీర్థయాత్ర అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

బయలుదేరే ముందు మా వీధిలోని ఒక పెద్దావిడ ఒక రాగి మూతచెంబు తెచ్చి ఇచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. "సంగమంలో నీళ్ళు పట్టుకురా నాయనా. ఒడ్డున కాదు, కృష్ణమ్మ కలిసే చోట" అంది. నేను వెళ్ళే కారణం ఆవిడకు తెలుసో లేదో! చెంబును తువ్వాలులో చుట్టి సైకిలు వెనక కట్టుకున్నాను.

కృష్ణలంక, యనమలకుదురు దాటి కరకట్ట ఎక్కితే ఇక ఊరి రొద తగ్గుతుంది. కుడిచేతి వైపు నది, ఎడమచేతి వైపు పొలాలు. కరకట్ట అంటే వరద ఊళ్ళ మీద పడకుండా పోసిన మట్టికట్ట. రోడ్డుగా మారింది తరువాత. ఎత్తు మీద ఉండడం వల్ల ఇక్కడ సైకిలు తొక్కేవాడికి ఒకేసారి రెండు లోకాలు కనిపిస్తాయి. ఒక పక్క కాలువ నీటితో పచ్చగా మెరిసే మాగాణి. రెండో పక్క నది ఉండవలసిన చోట మైళ్ళ కొద్దీ ఇసుక, రెల్లు దుబ్బులు, మధ్యలో ఎవరో మరిచిపోయినట్టున్న నాలుగైదు నీటి పాయలు. చోడవరం దాటాక ఒక పాయలోంచి గేదెలు అవతలికి నడిచి వెళ్ళాయి. నీళ్ళు వాటి మోకాళ్ళు దాటలేదు. అదే చోట ఒడ్డునున్న తుమ్మచెట్ల కొమ్మలకు, నా తల కంటే ఎత్తులో, గుడ్డపేలికలూ ప్లాస్టిక్ సంచులూ వేలాడుతున్నాయి. అయిదు నెలల కిందటి వరద గుర్తులు. ఇసుక లారీలు ఎదురైనప్పుడల్లా దిగి పక్కకు నిలబడవలసి వచ్చింది.

తోట్లవల్లూరు ప్రాంతమంతా అరటి, కంద, పసుపు, చెరకు. లంక పొలాల్లో అప్పుడే పసుపు తవ్వుతున్నారు. ఆ వాసన మైలు దూరం వెంట వచ్చింది. ఇక్కడి నుంచే ప్రశ్న మొదలైంది. వెనక మూట, తల మీద తువ్వాలు, మాఘమాసం... చూసిన ప్రతివాళ్ళూ "హంసలదీవికేనాండీ?" అని అడుగుతారు. అవునంటే రెండో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. "ఏం మొక్కండీ?"

స్పెయిన్ దేశంలో సాంటియాగో అనే పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్ళే పాతదారులున్నాయి. ఇప్పుడు అక్కడ నడిచేవారిలో నమ్మకం లేనివాళ్ళు కూడా చాలామంది. చివరి నూరు కిలోమీటర్లు నడిచిన వాళ్ళకు, సైకిలైతే రెండువందలు తొక్కిన వాళ్ళకు, అక్కడి కార్యాలయం ఒక యోగ్యతాపత్రం ఇస్తుంది. ఇచ్చేముందు ఎందుకు వచ్చావని అడుగుతుంది. భక్తి, ఆధ్యాత్మికత అన్నవాళ్ళకు ఒక రకం కాగితం, మిగతావాళ్ళకు ఇంకో రకం. జపాన్‌లో షికోకు ద్వీపం చుట్టూ ఎనభై ఎనిమిది గుళ్ళ ప్రదక్షిణ ఉంది. దారిలో ఊరివాళ్ళు యాత్రికులకు పళ్ళూ టీ చేతిలో పెడతారు. వద్దనడం మర్యాద కాదు, ఎందుకంటే ఇచ్చేవాడికి అందులో పుణ్యం ఉంది. మన కరకట్ట మీద కార్యాలయమూ లేదు, కాగితమూ లేదు. అడిగేవాళ్ళు మాత్రం అడుగడుగునా ఉన్నారు, పెట్టేవాళ్ళూ ఉన్నారు.

ఒక మలుపులో రావిచెట్టు కింద కొబ్బరిబోండాలు అమ్మే ముసలావిడ కాయ కొట్టి ఇచ్చి, డబ్బు తీసుకోనంది. పున్నానికి పోయేవాళ్ళ దగ్గర తీసుకోదట. అలా ఊరికే పుచ్చుకోవడం నాకు మనసొప్పలేదు. "నేను మొక్కు మీద పోవడం లేదమ్మా, ఊరికే నది చూడ్డానికి" అన్నాను. ఆవిడ నన్నూ నా సైకిల్నూ ఎగాదిగా చూసి, "దేనికైతే ఏంలే, ఎండొకటేగా! తాగు" అని రెండో కాయ కొట్టింది. రెండోదానికి మాత్రం డబ్బు తీసుకుంది.

ఇంకాస్త ముందు ఉయ్యూరు వైపు నుంచి నడుస్తూ వచ్చిన ఏడెనిమిదిమంది కలిశారు. అందరికీ ముందు నడుస్తున్నావిడకు నలభై ఏళ్ళుంటాయి. కొడుకు కాలు విరిగి, రెండు ఆపరేషన్ల తరువాత నడిచాడట. వాడు నడిస్తే తానూ నడిచి వస్తానని మొక్కుకుంది. వాడు మాత్రం మోటారుసైకిలు మీద వెనకాలే మంచినీళ్ళ డబ్బాతో వస్తున్నాడు. "మీరు దేనికండీ బాబాయిగారూ?" అందావిడ. ఉన్నమాటే చెప్పాను, కృష్ణ సముద్రంలో కలుస్తోందో లేదో చూద్దామని. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కొంతదూరం మాట్లాడకుండా నడిచి, "కలవకపోతే మరి మేం మునిగేదెక్కడండీ?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత శ్రీకాకుళం చేరేదాకా ఆ మాటే మనసులో తిరిగింది.

శ్రీకాకుళం అంటే ఉత్తరాంధ్రలోని పట్నం కాదు, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఈ ఊరిని దాటి పోవడం కష్టం. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణదేవరాయలు ఇక్కడ ఆంధ్రమహావిష్ణువు సన్నిధిలో ఏకాదశి ఉపవాసం ఉన్నాడనీ, దేవుడు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడనీ, అదే ఆముక్తమాల్యద అయిందనీ ఆ కావ్యమే చెబుతుంది. ఆ రాజు కూడా బయలుదేరింది తీర్థయాత్రకు కాదు, యుద్ధానికి. దారిలో ఊరు తగిలింది. అయితే నాకు ఈ గుడి దగ్గర రాయల కంటే కాసుల పురుషోత్తమ కవే ఎక్కువ గుర్తుకొస్తాడు. ఈ దివిసీమ వాడే. ఆంధ్రనాయక శతకం నిండా ఈ స్వామిని తిట్టిపోశాడు. నిందాస్తుతి అని మనం మర్యాదగా పేరు పెట్టుకున్నాం గానీ, ధూపదీపాలు కరువైన గుడిలో కూర్చుని దేవుణ్ణి నిలదీయడంలో నాకు స్తుతి కంటే చనువు ఎక్కువ కనిపిస్తుంది. ఆ పద్యాలు విన్నాకే చల్లపల్లి జమీందారు గుడికి మళ్ళీ నైవేద్యాలు ఏర్పాటు చేశాడని చెప్పుకుంటారు. దేవుడి దగ్గరికి ప్రశ్నతో వెళ్ళడం ఈ దారికి కొత్తేమీ కాదు.

అక్కడి నుంచి ఘంటసాల. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న కంటకస్సిల ఇదేనంటారు పండితులు. ఇక్కడ బౌద్ధ స్తూపం ఉంది. నదికి అవతలి ఒడ్డున భట్టిప్రోలు, ఎగువన అమరావతి. విష్ణువుకూ శివుడికీ ముందు ఈ నది వెంట బుద్ధుడి యాత్రికులు నడిచారు. ఓడలు ఇంత లోపలికి ఎలా వచ్చేవని అడిగితే, తీరం అప్పుడు ఇంత దూరంలో లేదు. నది తెచ్చిన ఒండ్రే సముద్రాన్ని వెనక్కి నెట్టింది. ఇప్పుడు ఆ ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోతోంది. కూచిపూడి, మొవ్వ దగ్గర్లోనే ఉన్నాయి. సిద్ధేంద్రయోగికీ క్షేత్రయ్యకూ దూరం నుంచే నమస్కారం పెట్టి, చీకటి పడకముందే చల్లపల్లి చేరి అక్కడ బస చేశాను.

మర్నాడు మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి దగ్గర అన్నదానంలో భోజనం చేశాను. వేడి అన్నం, పప్పు, చారు, మజ్జిగ. తిన్నదానికి బదులు ఏదో ఒకటి ఇవ్వాలని విరాళాల బల్ల దగ్గరికి వెళితే, రసీదు రాసే కుర్రవాడు పేరు అడిగాడు, చెప్పాను. గోత్రం అడిగాడు. వద్దు, పేరు చాలన్నాను. "గడి ఖాళీగా ఉండకూడదండీ" అని కాసేపు ఆలోచించి, "కాశ్యప అని వేసేస్తాలెండి" అన్నాడు. ఆ విధంగా నేను ఆ దారిలో ఒక గోత్రం సంపాదించుకున్నాను. నవ్వులాటకు చెప్పడం లేదు, ఆ భోజనం ముందు కాసేపు నాకు ఇబ్బందిగానే ఉంది. బావులూ చెట్ల నీడలూ సత్రాలూ అన్నపు బంతులూ నమ్మినవాళ్ళు నమ్మినవాళ్ళ కోసం ఏర్పరచినవి. నాబోటివాడు ఆ పద్దు మీదే నడుస్తాడు. నది కోసమే నడిచేవాళ్ళకు మన ప్రభుత్వాలు ఎక్కడా ఒక చెట్టు నాటలేదు, ఒక అరుగు కట్టలేదు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ చీలిక మధ్య ఉన్న నేలే దివిసీమ. ఆ దీవికి సాగునీరు అందించడానికి బ్రిటిషు కాలంలో నది పాయ మీదుగా ఒక అక్విడక్టు కట్టారు. అంటే నది మీద వంతెన, వంతెన మీద కాలువ. నేను సైకిలు దిగి చాలాసేపు నిలబడ్డాను. పైన కాలువలో నీళ్ళు నిండుగా, తొందరగా, పని మీద పోతున్నట్టు పోతున్నాయి. కింద నదిలో కదలని నీరు, దాని అంచున తెల్లగా ఆరిన బురద. ఇంత సేపూ నేను వెతుకుతున్న కృష్ణ నా తల ఎత్తున తూములో పోతోంది. కింద ఉన్నదానికి పేరు మాత్రం మిగిలింది. వల సర్దుకుంటున్న ఒకాయన్ని కింద నీళ్ళు ఎలా ఉంటాయని అడిగాను. "చప్పగా ఉండవండీ. ఎండలు ముదిరితే నోట పెట్టలేం" అన్నాడు. సముద్రానికి ఇంకా చాలా దూరం ఉండగానే సంగమం మొదలైపోయిందన్నమాట.

అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళ్ళేకొద్దీ వరిచేల మధ్య రొయ్యల చెరువులు ఎక్కువవుతాయి. బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది. తాగడానికి డబ్బా నీళ్ళు కొనుక్కుంటారు. ఇక్కడ పెద్దవాళ్ళెవరితో నీటి గురించి మాట్లాడినా, మాట చివరికి 1977 నవంబరు 19 దగ్గరికే వస్తుంది. ఆ రోజు సముద్రం లేచి ఊళ్ళ మీదుగా నడిచింది. పదివేలమందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి... దిబ్బలు పోసి శవాలను పూడ్చిన సంగతులు. మండలి వెంకట కృష్ణారావు గారు ఆ తరువాతి సహాయ, పునర్నిర్మాణ కార్యక్రమాల్లో పడ్డ శ్రమను ఇప్పటికీ తలుచుకుంటారు. ఒక టీకొట్టాయన అన్నాడు: "మా నాన్నకి సముద్రమంటే భయం. ఆయన బతికినంతకాలం పున్నానికి గుళ్ళోకే వెళ్ళాడు గానీ స్నానానికి దిగలా." నమ్మకం ఉన్నవాళ్ళంతా ఒకేలా నమ్మరు. ఈ సంగతి నమ్మనివాళ్ళు తరచు మరిచిపోతారు.

పన్నెండో తేదీ తెల్లవారకముందే హంసలదీవి నిండిపోయింది. వేణుగోపాలస్వామి గుడి దాటి పాలకాయతిప్ప తీరానికి జనం ప్రవాహంగా సాగుతున్నారు. అదే రోజు ప్రయాగలో మహాకుంభమేళా స్నానం. అక్కడి మూడో నది అంతర్వాహిని, కంటికి కనిపించదు. ఇక్కడ కంటికి కనిపించే ఒక్క నదే అంతర్వాహిని అవుతోంది. కాకి ఇక్కడ మునిగి హంసగా తేలిందని స్థలపురాణం. కాకులు మాత్రం సరుగుడు చెట్ల మీద నల్లగానే కూర్చుని జనం పారేసిన అటుకుల కోసం చూస్తున్నాయి.

తీరం వెంట మరికొంత దూరం నడిచి నది నోటి దగ్గరికి వెళ్ళాను. ఒక పక్క మడ అడవులు, బావురుపిల్లులు తిరిగే అభయారణ్యం. ఎదురుగా విశాలంగా నీళ్ళు. ఎవరైనా నది నిండుగా ఉందనే అనుకుంటారు. కానీ నీటిలో తేలే పూలదండలు సముద్రం వైపు పోవడం లేదు, లోపలికి వస్తున్నాయి. పోటు ఎక్కుతోంది. పౌర్ణమికీ అమావాస్యకూ సూర్యచంద్రులు ఒకే వరుసలో నిలిచి లాగడం వల్ల పోటు మిగతా రోజుల కంటే పెద్దదిగా ఉంటుంది. ఈ స్నానానికి పౌర్ణమినే ఎంచుకున్నవాళ్ళకు ఈ లెక్క తెలుసో లేదో గానీ, నది సముద్రం దగ్గరికి రాలేని కాలంలో, సముద్రమే నది దగ్గరికి ఎక్కువ దూరం నడిచి వచ్చే రోజు అది. కరకట్ట మీద కలిసినావిడ, మోటారుసైకిలు కొడుకూ నడుములోతు నీటిలో ఉన్నారు. ఆవిడ నన్ను చూసి చెయ్యి ఊపి, ఏదో అడిగింది. అలల హోరులో వినబడలేదు. ఏమడిగి ఉంటుందో ఊహించగలను.

నేనూ దిగాను. నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉత్త ఉప్పు.

చెంబు తీశాను, మళ్ళీ చుట్టేశాను. ఒడ్డున కాదు, కృష్ణమ్మ కలిసే చోట అందావిడ. అప్పుడు నింపితే అది అచ్చంగా బంగాళాఖాతం. జనం పల్చబడ్డారు. గుడి దగ్గర మజ్జిగ పోశారు, తాగాను. ఆ తరువాత ఆటు మొదలైంది. దండలూ ఆకులూ కాసేపు నిలబడి, నెమ్మదిగా సముద్రం వైపు మళ్ళాయి. పైన కాలువల నుంచి, పొలాల మురుగు నుంచి, ఇసుక కింది ఊటల నుంచి ఎంతో కొంత అందులో ఉండి తీరాలి. ఇంకో అరగంట ఆగి, పాయ మధ్యకు మోకాళ్ళ లోతున నడిచి, ఎగువ వైపు మూతి పెట్టి చెంబు నింపాను.